పాత చీరలతో ఇంటి పటం: రెండు ముఖాల బొంత కుట్టుకోవడం ఎలా?

తెలుగు ఇళ్లలో బొంత కుట్టడం కొత్త విద్య కాదు. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలను, పంచెలను పొరలు పొరలుగా పరచి, చేతి సూదితో వరుసలు కుట్టి, చలికాలంలో కప్పుకోవడానికో పసిపిల్లల కింద పరచడానికో సిద్ధం చేసుకోవడం మన అమ్మమ్మల కాలంలో ఇంటింటా జరిగిన పని. ఇక్కడ చెప్పబోయేది అదే పద్ధతిలో కుట్టే ఒక చిన్న బొంత గురించి. అయితే దీన్ని కప్పుకోవడానికి కుట్టము. మనం పెరిగిన ఇంటిని, అందులో ఎవరు ఎలా బతికారన్న సంగతిని, ఆ బతుకులో మన వంతు ఏమిటన్నదాన్ని నిదానంగా పరిశీలించుకోవడానికి కుడతాము.

ఒక ముఖాన మీరు పుట్టి పెరిగిన ఇంటి పటం, అంటే గదుల అమరికను చూపే గీత, ఉంటుంది. రెండో ముఖం ఇప్పుడు మీరు ఉంటున్న ఇంటి బట్టలతో తయారవుతుంది. బొంతకు వేసే సాదా కుట్టు, అంటే సూదిని పైకీ కిందికీ దించుతూ వేసే కుట్టు, గుడ్డకు రెండు వైపులా కనిపిస్తుంది కనుక, మొదటి ఇంటి గోడలు రెండో ఇంటి బట్టల మీద కుడి ఎడమలు మారి తేలుతాయి. పుట్టింటి నుంచి మెట్టింటికి వెళ్లిన స్త్రీలకే కాక, ఊరు విడిచి హైదరాబాదుకో, సూరత్, భివండీ మగ్గాల దగ్గరికో, గల్ఫ్‌కో, అమెరికాకో చేరిన వారెవరికైనా ఈ అమరిక నప్పుతుంది.

ఇందుకు బొమ్మలు గీయడం రావలసిన అవసరం లేదు, పూలూ లతలూ కుట్టడం అంతకన్నా అవసరం లేదు. కట్టి విడిచిన బట్టలోని అరుగుదల, మరక, మాసిక, వెలిసిన రంగు ఇవే ఆ ఇంటి సంగతులను ముందే చెబుతున్నాయి. మన కుట్టు వాటిని దాచకుండా పైకి తెస్తే చాలు. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే కింద చెప్పిన పనులలో చాలా నిర్ణయాలు వాటంతట అవే తేలిపోతాయి.

బట్టలు ఏరుకోవడం

ఇంట్లో ఉన్న పాత బట్టలన్నీ ఒకచోట వేసి, అందంగా ఉన్నవాటిని కాక, ఎక్కువగా వాడినవాటిని ముందు పక్కన పెట్టండి. పెళ్లిలో ఒకసారి కట్టి బీరువాలో దాచిన పట్టుచీర ఆ పెళ్లి గురించి మాత్రమే చెబుతుంది. రోజూ కట్టి ఉతికిన వెంకటగిరి నూలు చీరో, మంగళగిరి చీరో, వారం సంతలో కొన్న మామూలు మిల్లు చీరో ఇల్లు నడిచిన తీరు చెబుతుంది.

ఎంచిన చీరను పూర్తిగా విప్పి, కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టుకుని ఒక కొస నుంచి మరో కొస వరకు చూడండి. కింది అంచు పాదాలకూ మెట్టెలకూ రాసుకుని పోగులు లేచి ఉంటుంది. కుచ్చిళ్లు దోపుకునే చోట రోజూ ఒకే తీరున ముడతలు పడి గుడ్డ పలచనవుతుంది. భుజం దగ్గర పిన్నీసు దిగిన సన్నని రంధ్రాలు గుంపుగా కనిపిస్తాయి. కొంగు చివర ఒక మూల మిగతా గుడ్డ కంటే సాగి, వదులుగా ఉంటే, అక్కడ చిల్లరో తాళంచెవో ముడి వేసుకునే అలవాటు ఉండేదని తెలుస్తుంది. మధ్యలో ఎక్కడో వేడి గిన్నె పట్టుకున్న చోట మసి, చేయి తుడుచుకున్న చోట పసుపు మరక దొరుకుతాయి. ఇలాంటి ప్రతి చోటునూ పిన్నీసుతో గుర్తు పెట్టి, అది ఏ భాగమో ఒక చీటీ మీద రాసి దానికే గుచ్చండి. మీ బొంతకు కావలసిన ముక్కలు ఇవే; చిరుగు లేని, మరక లేని భాగం లోపలి పొరలకు పనికి వస్తుంది. చొక్కాలైతే కాలరు, జేబు, మోచేయి చూడండి. పంచెలైతే మోకాళ్ల చోటు చూడండి.

అరుగుదలను ముందుకు తెచ్చే ఈ పద్ధతికి గొప్ప ఉదాహరణ అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉంది. అక్కడి గీస్ బెండ్ అనే ఊరిలో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా బొంతలు కుడుతున్నారు. మిస్సౌరీ పెట్‌వే అనే ఆమె 1942లో, భర్త చనిపోయిన తరువాత, ఆయన పొలం పనికి తొడుక్కున్న బట్టలనే ముక్కలు చేసి ఒక బొంత కుట్టింది. వెలిసిన చోట్లను ఆమె వదిలేయలేదు. బొంతకు రూపం ఇచ్చింది అవే. ఆ ఊరి బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లాక ప్రపంచమంతటికీ తెలిశాయి.

పోయినవారి బట్టలు ఇంట్లో ఉంచకూడదన్న పట్టింపు మన ఇళ్లలో చాలాచోట్ల ఉంది. ఇంట్లో పెద్దలకు ఆ పట్టింపు ఉంటే వారితో వాదించి గానీ, వారికి తెలియకుండా కత్తిరించి గానీ ఈ పని మొదలుపెట్టకండి. ఆ మనిషి స్థానంలో ఉతికిన తెల్లటి మల్లు గుడ్డ ముక్కను ఖాళీగా అతికించి, చుట్టూ ఒక్క వరుస కుట్టు వేయండి. చూసేవారికి అక్కడ ఎవరో ఉండేవారని తెలుస్తుంది. బతికి ఉన్నవారి బట్ట అయితే తప్పనిసరిగా అడిగే తీసుకోండి. అడిగినప్పుడు వారు చెప్పే సంగతులు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం దగ్గర ఉంచుకోండి, ఎందుకంటే ఆ చీర ఎక్కడ కొన్నారు, ఎవరు పెట్టారు, ఎప్పుడు కట్టడం మానేశారు అన్న మాటలు ఆ క్షణంలో వచ్చినంత సహజంగా మరోసారి రావు.

ఉతకడం, రంగు పరీక్ష

ఏరిన బట్టలన్నిటినీ గోరువెచ్చని నీటిలో నానబెట్టి గంజి పూర్తిగా పోయేలా ఉతకండి. గంజి మిగిలితే సూది సరిగా దిగదు, పైగా తరువాత పురుగు పడుతుంది. పట్టుకు కుంకుడు రసం చాలు. కొత్త రంగు చీర ఏదైనా ఉంటే, తడిపిన ముక్కను తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ పెట్టెతో అదమండి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ చీరను మళ్లీ మళ్లీ జాడించండి. అప్పటికీ రంగు దిగుతూనే ఉంటే, దాన్ని వాడినా వాడవచ్చు గానీ పూర్తయిన బొంతను ఎప్పటికీ నీటిలో ముంచకూడదు.

నలభై, యాభై ఏళ్లుగా మన ఇళ్లలో రోజూ కట్టేవి చాలావరకు పాలిస్టర్ చీరలే. నేత చీరలు మాత్రమే బొంతకు తగినవని వాటిని తోసిపుచ్చితే ఆ ఇంటి చరిత్రలో సగం తోసిపుచ్చినట్టే. నూలు కంటే జారుతుంది కనుక పాలిస్టర్ ముక్క కింద పలచని మల్లు గుడ్డ పెట్టి, చుట్టూ కచ్చా కుట్టు (తాత్కాలికంగా వేసే పొడవాటి కుట్టు) వేసి, తరువాతే అతికించండి. ఇస్త్రీ తక్కువ వేడి మీద చేయండి. గద్వాల చీర లాంటివాటిలో ఒళ్లు నూలు, అంచు పట్టు కావడం వల్ల ఆ రెండూ కలిసే చోట పాతబడిన గుడ్డ ముందుగా విడుతుంది. దానికీ వెనక మల్లు ఆసరా కావాలి. జరీ అంచు బరువుకు పాత పట్టు చిరుగుతుంది కాబట్టి జరీని విడిగా కత్తిరించి వాడుకోవడం మేలు.

ఇంటి పటం గీయడం

ఒక పెద్ద కాగితం మీద మీరు పెరిగిన ఇంటిని జ్ఞాపకంతో గీయండి. అడుగుకు అంగుళం చొప్పున లెక్క వేసుకుంటే, ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న ఇల్లు 30 అంగుళాలు, 20 అంగుళాల పటం అవుతుంది. చుట్టూ మూడేసి అంగుళాలు వదిలితే బొంత 36 అంగుళాల పొడవు, 26 అంగుళాల వెడల్పు వస్తుంది. ఒంటిగది ఇల్లయితే అడుగుకు రెండంగుళాలు తీసుకోండి. ఇల్లు పెద్ద మండువా లోగిలి అయితే మొత్తం గీయాలనే పట్టుదల వద్దు. మీరు ఎక్కువగా తిరిగిన భాగం చాలు.

అరుగు, వసారా, వంటిల్లు, పడక గది, దేవుడి గూడు, పెరడు, బావి లేదా బోరింగు, స్నానాల గది, ఒకటొకటిగా పెట్టుకుంటూ వెళ్లండి. కొలతలు గుర్తు లేకపోతే, మంచం ఎలా పడేది, తలుపు తెరిస్తే ఎంత చోటు మిగిలేది, నలుగురు పక్కపక్కన కూర్చుని తినగలిగేవారా అన్న ప్రశ్నలతో లెక్క కట్టవచ్చు. గీసిన తరువాత అక్కకో తమ్ముడికో చూపించండి. తలుపు తూర్పున ఉండేదని ఒకరు, ఉత్తరాన అని మరొకరు అంటే, ఎవరి మాట నిజమో తేల్చాలని చూడకుండా, రెండు తలుపులనూ రెండు రంగుల దారంతో కుట్టండి. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరికి ఇల్లు ఒకేలా ఉండదన్నది ఈ పనిలో తెలిసే ముఖ్యమైన సంగతులలో ఒకటి.

ముక్కలు అతికించడం

పై పొరకు ఒకే రంగు లేత నూలు చీరను తీసుకోండి. ముక్కలను నేత పోగు వెంట తిన్నగా కత్తిరించడానికి, అంచున ఒక్క పోగును లాగి తీసేస్తే గీత ఏర్పడుతుంది. ఆ గీత మీదుగా కత్తెర నడపండి. బాగా చివికిన గుడ్డను మాత్రం చేతితో చింపడం గానీ పోగు లాగడం గానీ చేయకూడదు. ప్రతి ముక్క చుట్టూ పావు అంగుళం లోపలికి మడిచి, గోటితో నొక్కి, సన్నని కుట్టుతో పై పొరకు అతికించాలి.

ఏ గదిలో ఎవరి గుడ్డ అన్న నిర్ణయంలో ఆ గది ఎవరిదని అందరూ అనేవారో కాక, అక్కడ ఎవరు ఎక్కువ సేపు గడిపారో చూడండి. వసారా తాతగారిదే కావచ్చు, కానీ దాన్ని రోజూ కడిగి ముగ్గు పెట్టింది వేరొకరైతే వారి చీర ముక్క కూడా అక్కడే పడాలి. మీ స్కూలు యూనిఫాం ముక్క మీరు చదువుకున్న మూలన పెట్టండి. మీకంటూ ఆ ఇంట్లో ఒక చోటు లేదని ఈ దశలో మీకు తోస్తే, తొందరపడి ఎక్కడో ఒకచోట ఇరికించకుండా, ఆ ముక్కను అంచున గానీ గడప మీద గానీ పెట్టి ఆలోచించండి.

వెనక ముఖాన్ని కూడా ఇదే తీరున, ఇప్పటి ఇంటి బట్టలతో తయారు చేయండి. దానికి పటం అక్కర్లేదు. పెద్ద పెద్ద ముక్కలను పక్కపక్కన చేర్చి ఒకే గుడ్డ చేస్తే చాలు. విదేశంలో ఉండి, చీరలు దొరకనివారు వెనక ముఖానికి అక్కడి దుప్పటి, పిల్లల టీషర్టు, దిండు గలీబు వాడుకోవచ్చు.

పొరలు పరచి కచ్చా కుట్టు వేయడం

వెనక ముఖాన్ని నేల మీద తిరగేసి పరచి, నాలుగు మూలలా బరువులు పెట్టండి. దాని మీద మెత్తటి పాత చీర పొరలు రెండు, పైన పటం ముఖం. పొరలు అంతకు మించితే వేలాడదీసే ఇలాంటి బొంతలో సూది దిగడం కష్టమవుతుంది. మధ్య నుంచి అంచులకు అరచేత్తో సవరిస్తూ ముడతలు తీసి, మధ్య నుంచే మొదలుపెట్టి బెత్తెడు దూరానికి ఒక వరుస చొప్పున పొడవాటి కచ్చా కుట్టు వేయండి. ఈ పనిలో తొందరపడితే తరువాత ఎంత జాగ్రత్తగా కుట్టినా వెనక ముఖం ముడుచుకుపోతుంది.

గోడలు, నడక దారులు

కాగితం మీది పటాన్ని టైలరు సుద్దతో పై ముఖం మీదికి ఎక్కించుకోండి. సూది 7 నుంచి 9 నంబరు వరకు ఏదైనా పరవాలేదు. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో మూడు పోగులు గోడలకు, రెండు పోగులు మిగతా వాటికి. దారం మూరెడుకు మించి తీసుకోకండి. పొడవైతే మెలిపడి పాత గుడ్డను కోస్తుంది. మధ్యవేలికి లోహపు తొడుగు ఉంటే నాలుగు పొరలను సూది సులభంగా దాటుతుంది.

గోడలకు ఒక వరుస సాదా కుట్టు వేసి, కొసకు చేరాక వెనక్కి తిరిగి వస్తూ ఖాళీ వదిలిన చోట్లను అదే దారంతో నింపండి. అప్పుడు రెండు వైపులా తెంపు లేని గీత వస్తుంది. కర్ణాటకలో ధార్వాడ ప్రాంతపు కసూతి పనిలో గవంతి అనే కుట్టు ఇదే; అక్కడివారు ముడి కూడా వేయకుండా దారం కొసలను కుట్లలోనే దాచేస్తారు. మీరు కూడా ముడిని పొరల మధ్యకు లాగేస్తే రెండు ముఖాలూ శుభ్రంగా ఉంటాయి. తలుపులు ఉన్నచోట గీత ఆపేయండి.

ఇక ఈ బొంతలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే పని నడక దారులు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు దారం కేటాయించి, వారు ఒక మామూలు రోజున తెల్లవారింది మొదలు పడుకునే వరకు ఎక్కడి నుంచి ఎక్కడికి తిరిగేవారో, ఆ దారి వెంట సాదా కుట్టు వేయండి. నీళ్ల కోసం బావికి, బావి నుంచి పొయ్యి దగ్గరికి, పొయ్యి నుంచి వసారాలో భోజనానికి కూర్చున్నవారి దగ్గరికి, మళ్లీ వంటింటికి, అక్కడి నుంచి పెరట్లో గిన్నెలు తోమే చోటికి. ఎన్నిసార్లు తిరిగితే అన్ని వరుసలు కుట్టాలి. వంటింట్లో దారం దట్టమై గుడ్డ బిరుసెక్కుతుంది. వీధి గుమ్మం నుంచి పడక కుర్చీకి వెళ్లే దారి మాత్రం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా రెండే గీతలు కావచ్చు. శ్రమ ఎవరి మీద ఎంత పడిందో మాటల్లో చెబితే ఇంట్లో వాదన అవుతుంది. ఇక్కడ చేయి పెట్టి తడిమితే తెలుస్తుంది.

ఇంటివారి దారులతోనే ఆపకండి. పాలు పోసే మనిషి, బట్టలు ఉతికే మనిషి, అంట్లు తోమే మనిషి ఏ ద్వారం గుండా వచ్చేవారో, ఏ గడప దగ్గర ఆగిపోయేవారో గుర్తు తెచ్చుకుని, సరిగ్గా అక్కడే ఆ కుట్టును ఆపండి. నెలలో మూడు రోజులు ఆడవారిని విడిగా కూర్చోబెట్టే ఆనవాయితీ ఉన్న ఇల్లయితే, ఆ మూడు రోజుల దారి పెరటి వైపు వేరుగా పడుతుంది; దాన్ని కూడా అదే మనిషి రంగులో, పోగు ఒకటి తగ్గించి కుట్టండి. ఆ ఇల్లే అవతలి నుంచి చూసిన ఇల్లయితే, అంటే మీ ఇంటివారు మరొకరి ఇంటి గడప దగ్గర ఆగవలసి వచ్చినవారైతే, ఆ గడపను మీ పటంలో ఒక మూల చేర్చుకునే హక్కు మీకు ఉంది. మన కులం, మన మర్యాదలు, మన భయాలు ఇంటి నేల మీద ఏ గీతల వెంట నడిచాయో ఈ పనిలో మీ చేతి కిందనే తేలుతుంది. బాధ కలిగితే ఆ రోజుకు సూది దించండి, కానీ ఆ దారిని పటం నుంచి తీసేయకండి.

దారులు అయ్యాక మిగిలిన ఖాళీ అంతటినీ అర అంగుళం ఎడంతో అడ్డ వరుసల సాదా కుట్టుతో నింపండి. దీనికి గుడ్డ రంగులో కలిసిపోయే దారం వాడితే గోడలు, దారులు స్పష్టంగా నిలుస్తాయి. రోజుకు గంట చొప్పున కూర్చుంటే మొత్తం పని రెండు నెలల లోపు పూర్తవుతుంది. పూర్తయిన భాగాన్ని తిరగేసి చూస్తుండండి: పాత ఇంటి వంటిల్లు ఇప్పటి ఇంటి ఏ ముక్క మీద పడిందో గమనించి, తోచింది నోటుపుస్తకంలో రాసుకోండి.

అంచులు, చీటీ, భద్రపరచడం

కచ్చా కుట్టు విప్పి, నాలుగు వైపులా సమంగా కత్తిరించి, ఏదైనా చీర అంచునే రెండంగుళాల పట్టీగా తీసి గోటులా చుట్టూ కుట్టండి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ స్త్రీలు కవంది అనే తమ బొంతల నాలుగు మూలలా మడత పెట్టిన చిన్న ముక్కలను పువ్వుల పేరుతో కుడతారు. అవి లేకపోతే బొంత పూర్తి కాలేదని వారి భావన. మీ ఇంట్లో కూడా అలా తప్పనిసరి అనిపించే గుర్తు ఏదైనా ఉంటే, గడప పసుపు రంగు గానీ పెరట్లోని చెట్టు ఆకు రూపం గానీ, మూలలకు ఉంచండి.

వేలాడదీయడానికి పై అంచున, వెనక ముఖం మీద, కర్ర దూరేటంత గొట్టంలా ఒక పట్టీ కుట్టండి. రెండు ముఖాలూ చూసుకోవాలి కనుక గోడకు ఆనించడం కంటే గుమ్మంలో గానీ రెండు గదుల మధ్య గానీ కట్టడం మంచిది. నేరుగా ఎండ మాత్రం పడకూడదు. తీసి దాచినప్పుడు మడత పెట్టకుండా కర్రకు చుట్టి, పాత తెల్ల పంచెలో పెట్టి, మధ్యలో ఎండిన వేపాకు వేయండి. జరీ ముక్కలు ఉంటే నాఫ్తలీన్ ఉండలు దగ్గరికి రానివ్వకండి.

ఒక మల్లు ముక్క మీద చెరగని సిరాతో, ఏ ఊరి ఇల్లు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ ముక్క ఎవరిది, ఏ రంగు దారం ఎవరి నడక అన్న వివరాలు రాసి వెనక మూలన కుట్టండి. ఏడాదికి ఒకసారి చుట్ట విప్పి, నీడలో గాలికి ఆరవేసి, ఊడిన కుట్లను అదే రంగు దారంతో సరిచేసి, ఎవరు సరిచేశారో ఆ పేరును, తేదీని కూడా ఆ చీటీలో చేర్చండి.